క్రైమ్ పేజీలో చేపలు

తెలుగు పేపర్లో చేపలు ఎక్కువగా కనిపించే పేజీ ఏదని అడిగితే నేను వ్యవసాయం పేజీ అనను, క్రైమ్ పేజీ అంటాను. 'ఉద్యోగాల పేరుతో నిరుద్యోగులకు గాలం', 'ఏసీబీ వలలో సర్వేయర్', 'అధిక లాభాల ఎర', 'ప్రేమ పేరుతో వల', 'పట్టుబడ్డ అవినీతి తిమింగలం'. ఇలాంటివి ఏ ఒక్క పేపరు సొత్తూ కాదు. ఏ రోజైనా జిల్లా ఎడిషన్ తీసి చూడండి, వీటిలో ఒకటో రెండో తగులుతాయి. రాజకీయాల పేజీ కూడా తక్కువేం తినలేదు. ఎన్నికల ఫలితాలు వచ్చిన మర్నాటి నుంచే అక్కడ ఎమ్మెల్యేలకు గాలాలు, కార్పొరేటర్లకు ఎరలు మొదలవుతాయి.

ఈ మాటలు వాడొద్దని నేననను. నీళ్ల పక్కన బతికిన జనం మాటల్లోకి నీళ్లలోని సరుకు రాకుండా ఎలా ఉంటుంది? నా గొడవ వేరు. గాలం అనే పనిముట్టు ఎలా పనిచేస్తుందో మరిచిపోయి ఆ మాట వాడుతున్నాం. దాంతో తప్పు ఎవరి మీద పడాలో వాళ్ల మీద పడటం లేదు. పెద్దవాళ్లు గాలానికి చిక్కితే పాపం చిక్కారు అన్నట్టు ఉంటుంది వార్త. మామూలు జనం చిక్కితే అత్యాశకు పోయి చిక్కారు అన్నట్టు ఉంటుంది. ఒకే మాట ఒకరిని ఒడ్డున పడేస్తోంది, ఇంకొకరిని ముంచేస్తోంది.

ముందు అసలు గాలం సంగతి చెప్పుకోవాలి. మాది గోదావరి డెల్టాలో పంట కాలువ పక్కన ఊరు. వేసవిలో కాలువ కట్టేశాక మడుగుల్లో, తొలకరికి నీళ్లు వదిలాక బోదెల్లో గాలం వేయడం అక్కడి పిల్లలందరూ బళ్లో చేరకముందే మొదలుపెట్టే చదువు. సరంజామా పెద్దగా ఏమీ ఉండదు. సన్నటి వెదురు కర్ర, నైలాన్ దారం, చిన్న సీసం ముక్క, దాని పైన బెండు, చివర గాలం. బెండుకి జీలుగు ముక్క కోసుకునేవాళ్లం. నెమలి ఈక కాడ దొరికినవాడు ఆ రోజుకి జమీందారు. ఎరకి ఎర్రలు, అంటే వానపాములు. పేడకుప్ప పక్కన తడిగా ఉన్న చోట తవ్వితే కొబ్బరి చిప్ప నిండా వచ్చేవి. పరిగెలకి గోధుమపిండి ముద్ద చాలు. జెల్లకి ఎర్ర కావాలి. కొరమేను అంత తేలిగ్గా రాదు, దానికి కప్పపిల్లని గుచ్చాలి.

బెండు అదిరిన వెంటనే లాగకూడదు. చేప ఇంకా రుచి చూస్తోందని దానర్థం. మళ్లీ అదిరి, కాస్త పక్కకి జరిగి, బుడుంగున మునిగినప్పుడు గుంజాలి. మా చిన్న మావయ్య ఈ విద్యలో ఘనుడు. "తొందరపడి లాగావంటే ఎర్రా పోద్ది, చేపా పోద్ది" అనేవాడు.

గాలాన్ని చేతిలోకి తీసుకుని దగ్గరగా చూస్తే, మొన నుంచి కొంచెం కిందికి, వెనక్కి తిరిగిన చిన్న ముల్లు ఒకటి కనిపిస్తుంది. అసలు పని దానిది. ఎర చేపని నోరు తెరిపిస్తుంది, అంతే. ఒకసారి మొన దిగాక వెనక్కి జారిపోకుండా ఆపేది ఆ ముల్లు. అది అరిగిపోయిన గాలానికి చేప తగులుతుంది గానీ ఒడ్డుకి రాదు. ఈ ముల్లు మన మాటల్లోకి రానే లేదు. ఎర వచ్చింది, గాలం వచ్చింది, వల వచ్చింది. మింగిన తర్వాత వదలనివ్వని ముక్కకి మాత్రం పేపర్లో పేరు లేదు. దీని గురించి తర్వాత మళ్లీ చెప్తాను.

వల తీరు వేరు. విసురు వల వేసేవాడికి ఎరతో పనిలేదు. నీటి మీద బుడగలు, కదలిక చూసి గుండ్రంగా విప్పి విసురుతాడు, అంచుకున్న బరువులకి అది కిందికి దిగుతుంది, దాని కింద ఉన్నదంతా దాని సొంతం. ఆ చేపలు ఏ రుచికీ లొంగలేదు. తమ దారిన తాము పోతున్నాయి, అంతే. గాలానికైతే చేప నోరు తెరవాలి. వల పడే చోట చేప ఉంటే చాలు.

తీరంలో ఈ తేడా తెలియనివాడు ఉండడు. అక్కడ గొడవలన్నీ పనిముట్టు గురించే జరుగుతాయి. 2022 జనవరిలో విశాఖలో రింగు వలల విషయంలో మత్స్యకారుల మధ్య గొడవ ముదిరి పడవలు తగలబడేదాకా పోయింది. చేపల మందని చుట్టూ కమ్మేసి, అడుగు బిగించి, గంపగుత్తగా లేపేసే వల అది. ఆ వల ఎవరు వేయాలి, ఒడ్డుకి ఎంత దూరంలో వేయాలి, వల కన్ను ఎంతుండాలి అన్నవే తగువులు. మన తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట నిషేధం ఉంటుంది. అదీ పడవ మీద పెట్టిన నిబంధనే. 'అప్రమత్తంగా ఉండండి, గుర్తు తెలియని ఎర మింగకండి' అని చేపలకి చెప్పే బోర్డు ఏ రేవులోనూ లేదు. అలాంటి బోర్డులన్నీ బ్యాంకుల్లో, ఏటీఎంల దగ్గర ఉన్నాయి. మనం చదువుకోవాల్సినవి అవి.

ఇప్పుడు క్రైమ్ పేజీ దగ్గరికి రండి. ఏసీబీ ట్రాప్ ఎలా జరుగుతుందో చూస్తే అది వల కానే కాదు. ఫలానా అధికారి లంచం అడిగాడని ఒకరు ఫిర్యాదు చేస్తారు. ఇవ్వాల్సిన నోట్ల నంబర్లు రాసుకుని, వాటికి ఫినాఫ్తలీన్ పొడి రాసి, ఫిర్యాదుదారు చేతికిచ్చి పంపుతారు. బయట కాచుకుని కూర్చుంటారు. అధికారి నోట్లు తీసుకున్నాక సైగ అందుతుంది, లోపలికి వెళ్లి ఆయన చేతివేళ్లని సోడియం కార్బొనేట్ ద్రావణంలో ముంచుతారు. అది గులాబీ రంగుకి తిరుగుతుంది. ఎర ఉంది, ఓపిక ఉంది, ఒకే ఒక్క చేప ఉంది, అది నోరు తెరవాలి. అచ్చమైన గాలం. పేపర్లో మాత్రం 'ఏసీబీ వలలో'. పైగా తిమింగలం. తిమింగలం చేపే కాదు, పాలిచ్చే జంతువు, దాన్ని పట్టడం వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరం. 'ఏసీబీ వలలో తిమింగలం' నిజమే అయితే అటవీ శాఖ కేసు పెట్టాల్సింది ఏసీబీ మీదే.

సైబర్ మోసం దీనికి పూర్తి తిరగేత. ఎక్కడో కొన్న ఫోన్ నంబర్ల జాబితా చేతిలో పెట్టుకుని ట్రాఫిక్ చలానా పేరుతో, పెళ్లి శుభలేఖ పేరుతో ఏపీకే ఫైళ్లు, అంటే నొక్కితే ఫోన్లోకి యాప్ ఎక్కించేవి, వేలకి వేలు వదులుతారు. కొరియర్‌లో మీ పేరున డ్రగ్స్ వచ్చాయనే ఫోన్ ఒక వీధిలో ఒకరికి కాదు, దేశమంతా పోతుంది. వాళ్లు మిమ్మల్ని ఎంచుకోలేదు. మీ నంబరు వల కింద ఉంది. కన్ను సన్నది కాబట్టి చిన్నా పెద్దా తేడా లేదు. అలాంటి దానికి మనం పెట్టిన పేరు 'గాలం'. చేప నోరు తెరిచి అడిగిన చోట వల అంటున్నాం, చేపని అడగకుండా కమ్మేసిన చోట గాలం అంటున్నాం. సరిగ్గా తారుమారు.

ఇంగ్లీషు నుంచి వచ్చిన మాటల్లో కూడా ఈ గందరగోళం ఉంది. ట్రోలింగ్ అసలు చేపల వేట మాటే. నెమ్మదిగా పోయే పడవ వెనక ఎర గుచ్చిన దారాన్ని ఈడ్చుకుంటూ పోవడాన్ని అలా అంటారు. మర పడవలు ఈడ్చే ట్రాల్ వల వేరు, ఇది వేరు. 1990ల్లో ఇంటర్నెట్ చర్చావేదికల్లో పాతకాపులు కావాలని ఒక పిచ్చి ప్రశ్న వదిలి, కొత్తగా చేరిన అమాయకుడు ఎవడైనా వచ్చి సీరియస్‌గా జవాబు చెప్తాడా అని చూసేవాళ్లు. ఆ సరదాకి ఈ మాట వాడుకున్నారు. అంటే పుట్టుకలో అది గాలమే. మన దగ్గరికి వచ్చేసరికి ఎర పోయి గుంపు మిగిలింది. ఎవరో హీరోయిన్ ఇంటర్వ్యూలో ఒక మాట తడబడితే వేలమంది మీద పడి మీమ్స్ వేయడాన్ని ఇప్పుడు ట్రోలింగ్ అంటున్నాం. ఆ అమ్మాయి ఏ ఎరా మింగలేదు. దారిన పోతుంటే మీద పడిన వల అది.

ఇంత చాదస్తం ఎందుకు, గాలం అన్నా వల అన్నా జనానికి అర్థమవుతోందిగా అంటారేమో. అర్థమవుతున్నదాంట్లోనే తిరకాసు ఉంది. గాలం అన్నామంటే చేప నోరు తెరిచింది అని చెప్పకుండానే చెప్పినట్టు. నోరెందుకు తెరిచింది? ఆశకి. ఇక మిగతా కథంతా చేప గుణగణాల మీద నడుస్తుంది.

ఈ చూపు ఇవాళ్టిది కాదు. భాగవతం ఏకాదశ స్కంధంలో అవధూత తనకి ఇరవై నలుగురు గురువులున్నారని చెప్తూ చేపని కూడా అందులో చేర్చాడు. జిహ్వని అదుపులో పెట్టుకోకపోతే గాలానికి చిక్కి చావాల్సిందేనని దాన్నుంచి నేర్చుకున్నాడట. సన్యాసికి ఆ పాఠం బాగానే ఉంటుంది, ఆయన మాట్లాడుతున్నది తన నాలుక గురించి. మనం దాన్ని పక్కింటివాళ్లకి వర్తింపజేసుకున్నాం. ఇక చిన్నప్పుడు అందరం చదివిన సుమతి, కాలమతి, మందమతి కథ. అక్కడ గాలం కూడా లేదు, జాలరులు వల వేస్తారు. ముందే వెళ్లిపోయిన చేప తెలివైనది, సమయానికి చచ్చినట్టు నటించి తప్పించుకున్నది గడుసుది, వలలో చచ్చింది మందమతి. గాలానికి చస్తే తిండిపోతు, వలలో చస్తే బద్ధకస్తుడు. ఎలా చచ్చినా తప్పు చేపదే. ఆ చెరువుకి జాలరులు ఎందుకొచ్చారని క్లాసులో ఎవరం అడగలేదు.

చేప ఆకలికో ఆశకో మాత్రమే గాలం పట్టుకుంటుంది అన్నది కూడా నిజం కాదు. కొరమేను సంగతి తీసుకోండి. తెలంగాణ రాష్ట్ర చేప అదే, అక్కడ కొర్రమీను అంటారు. అది గుడ్లు పెట్టాక పిల్లలు ఎదిగేదాకా కాపలా కాస్తుంది. ఎర్రెర్రగా ఉండే పిల్లల గుంపు నీటిపైకి గాలి కోసం వస్తూ పోతూ ఉంటే కిందనే తిరుగుతూ ఉంటుంది. వేటగాళ్లకి ఇది బాగా తెలుసు. పిల్లల గుంపు కనబడిన చోట కప్పనో, కప్పలాంటి బొమ్మనో ఆడిస్తారు. పిల్లల మీదికి ఏదో వస్తోందని కొరమేను ఒక్క ఉదుటున వచ్చి కరుస్తుంది. దానికప్పుడు ఆకలి లేదు. మా ఊళ్లో కొందరు పిల్లల మీదున్న కొరమేనుని పట్టరు, పాపం అంటారు. పట్టేవాళ్లూ ఉన్నారు, ఎందుకంటే అప్పుడది తప్పకుండా కరుస్తుంది.

ఈ మధ్య మా అపార్ట్‌మెంట్లో ఒక రిటైర్డ్ మాస్టారికి జరిగింది చూశాక నాకు కొరమేను తప్ప ఇంకేదీ గుర్తు రాలేదు. కొడుకు విదేశంలో ఉద్యోగం. ఒక ఉదయం వీడియో కాల్, అవతల పోలీసు యూనిఫాం. మీ అబ్బాయి పేరు మనీ లాండరింగ్ కేసులో ఉంది, మీ ఆధార్‌తో ఖాతా తెరిచారు, ఈ విషయం ఎవరికైనా చెప్తే వాడి పాస్‌పోర్టు రద్దవుతుంది అన్నారు. కెమెరా ఆపొద్దన్నారు. మాస్టారు రెండు రోజులు ఆ గదిలోంచి కదల్లేదు, భార్యకి కూడా చెప్పలేదు. తర్వాత బ్యాంకుకి వెళ్లి తన చేత్తోనే ఆర్టీజీఎస్ ఫారం నింపి, రిటైరైనప్పుడు వచ్చిన సొమ్ములో పెద్ద భాగం పంపేశారు. తనిఖీ చేసి తిరిగి ఇచ్చేస్తామన్నారట.

ఇందులో ఆశ ఎక్కడుంది? ఒక్క రూపాయి లాభం వస్తుందని ఆయనకి ఎవరూ చెప్పలేదు. విషయం బయటపడ్డాక మాత్రం అందరూ అడిగింది ఒకటే. లెక్కలు చెప్పిన మాస్టారు కదా, ఎలా నమ్మారు? కొడుకైతే ఫోన్లోనే "ఇంత చదువుకుని మీరెలా పడ్డారు నాన్నా" అన్నాడు. ఆయన జవాబు చెప్పలేదు. బ్యాంకులో కూర్చున్న అబ్బాయి మర్యాదగానే అన్నాడు, "మీరే పంపారు కదండీ."

2024 అక్టోబరు 27న ప్రధాని మన్ కీ బాత్‌లో డిజిటల్ అరెస్టు, అంటే మాస్టారికి జరిగినట్టు వీడియో కాల్లోనే నిర్బంధించడం, అనేది చట్టంలోనే లేదని చెప్పి, ఆగండి, ఆలోచించండి, ఆ తర్వాతే ఏదైనా చేయండి అన్నారు. మంచి మాట. ఆ తర్వాత కొన్నాళ్లు ఎవరికి ఫోన్ చేసినా కాలర్ ట్యూన్‌లో హెచ్చరికలే వినిపించాయి. నాకూ అభ్యంతరం లేదు. కానీ భయపడ్డ మనిషిని ఆగి ఆలోచించమనడం ఎంతవరకు పనిచేస్తుంది? ఆలోచన పనిచేయకుండా చేయడమే ఆ మోసం కిటుకు. కెమెరా ఆపొద్దు, ఎవరికీ చెప్పొద్దు అన్న రెండు షరతులూ అందుకే పెడతారు. పైన చెప్పిన వెనక ముల్లు ఇదే.

పార్ట్‌టైమ్ జాబ్ మోసాల్లో ఆ ముల్లు ఇంకోలా ఉంటుంది. వీడియోకి లైకు కొడితే డబ్బులన్నప్పుడు మొదట చిన్న మొత్తాలు నిజంగానే ఇస్తారు. తర్వాత మీచేత కొంత పెట్టిస్తారు, యాప్‌లో అది పెరిగినట్టు కనిపిస్తుంది. తీసుకుందామంటే ట్యాక్సు కట్టమంటారు. అప్పటికి మనిషిని నడిపేది లాభం మీద ఆశ కాదు, పెట్టింది పోతుందన్న భయం. అప్పు చేసి మరీ ఇంకా పంపేది ఈ దశలోనే. పోలీసు స్టేషన్లో వాళ్లని 'లాభం కోసం ఎందుకు పెట్టారు' అని అడుగుతారు. ఎర గురించి అడిగే ప్రశ్న అది. వాళ్ల ఇల్లు ముంచింది ముల్లు. అవును, మొదట్లో ఆశ ఉంది, కాదనను. నెలాఖరుకి నాలుగు డబ్బులు మిగలాలనుకోవడం ఆశే. దాన్ని అత్యాశ అనడానికి మనకి ఏ హక్కుందో నాకు తెలియదు.

లంచం కేసులో పట్టుబడ్డ అధికారి, మోసపోయిన ఖాతాదారు, ఈ రెండు చేపల్నీ చట్టం ఎలా చూస్తుందో పక్కపక్కన పెట్టి చూడండి. ఏసీబీ కేసులో అధికారి చేతులు గులాబీ రంగుకి తిరిగినంత మాత్రాన సరిపోదు. ఆయన లంచం అడిగాడని కూడా రుజువు కావాలి. 2022 డిసెంబరులో సుప్రీంకోర్టు అయిదుగురు సభ్యుల ధర్మాసనం కూడా అడగడం, తీసుకోవడం రెండూ రుజువు కావడం తప్పనిసరి అంది. ఫిర్యాదుదారు చనిపోయినా, సాక్ష్యం తిప్పేసినా పరిస్థితులను బట్టి నిరూపించవచ్చనీ చెప్పింది. న్యాయమే, ఎవరి జేబులోనో నోట్లు కుక్కి జైల్లో వేయకూడదు.

ఇక రెండోది. అనధికార ఎలక్ట్రానిక్ లావాదేవీల్లో ఖాతాదారు బాధ్యత ఎంత అన్నదాని మీద రిజర్వ్ బ్యాంకు 2017 జులై 6న ఒక సర్క్యులర్ ఇచ్చింది. దాని ప్రకారం, తప్పు బ్యాంకుదైతే ఖాతాదారుకి నష్టం లేదు. తప్పు బ్యాంకుదీ ఖాతాదారుదీ కాక మధ్యలో ఇంకెక్కడో ఉంటే, మూడు పనిదినాల్లో చెప్తే నష్టం లేదు. కానీ ఖాతాదారు నిర్లక్ష్యం వల్ల, అంటే ఓటీపీలాంటి వివరాలు చెప్పేయడం వల్ల పోతే, బ్యాంకుకి తెలియజేసేదాకా పోయినదంతా ఆయనదే. మా మాస్టారిలా తన చేత్తో పంపినవాళ్ల సంగతి 'అనధికార' అన్న మాట దగ్గరే ఆగిపోతుంది. ఒకటి జైలు శిక్ష వేసే చట్టం, ఇంకొకటి డబ్బు పంచాయితీ, రెండూ ఒకటి కావు, ఒప్పుకుంటాను. అయినా లంచం కేసులో చేప ఎర అడిగిందా లేదా అని అంత జాగ్రత్తగా చూసే మనం, ఓటీపీ చెప్పేసిన ఇల్లాలి దగ్గరికి వచ్చేసరికి నిర్లక్ష్యం అని ఒక్క మాటతో ఎందుకు తేల్చేస్తున్నాం? ఆమెని భయపెట్టారా, తొందరపెట్టారా అన్నది నిర్లక్ష్యం అనే మాటలో కనిపించదు.

గాలం వేసే చెయ్యి కూడా ఒక్కోసారి ఇంకో గాలానికి గుచ్చి ఉంటుంది. 2024 మేలో విశాఖ పోలీసులు బయటపెట్టిన కంబోడియా కేసు గుర్తుండే ఉంటుంది. డేటా ఎంట్రీ ఉద్యోగాలని చెప్పి ఏజెంట్లు మన కుర్రాళ్లని పంపించారు. అక్కడ పాస్‌పోర్టులు లాక్కుని, గదుల్లో పెట్టి, ఇక్కడి జనానికే ఫోన్లు చేయించారు. ఆ నెలలోనే అక్కడ చిక్కుకున్న భారతీయులు తిరగబడ్డారు. 2025 మార్చిలో మయన్మార్ సరిహద్దు స్థావరాల నుంచి అయిదు వందల మందికి పైగా భారతీయుల్ని వాయుసేన విమానాల్లో వెనక్కి తెచ్చారు. వాళ్లలో తెలుగువాళ్లూ ఉన్నారు. పెద్ద చేపకి బతికున్న చిన్న చేపని ఎరగా గుచ్చే పద్ధతి ఒకటుంది. వెన్ను మీద గుచ్చితే అది చావకుండా నీళ్లలో ఆడుతూ ఉంటుంది, ఆ ఆటకే పెద్దది వస్తుంది. మాస్టారికి తెలుగులో ఫోన్ చేసి ఉంటే ఆ గొంతు శ్రీకాకుళం కుర్రాడిదో, జగిత్యాల కుర్రాడిదో కావచ్చు. అలాంటివాడు దొరికితే మనం పెట్టే హెడ్డింగు 'సైబర్ నేరగాడు అరెస్టు'. ఒకవేళ తప్పించుకుని ఇంటికొస్తే 'ఏజెంట్ల గాలానికి చిక్కిన యువకుడు'. ఒకే మనిషి.

'ప్రేమ పేరుతో వల' గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. ఆ వార్తల కింద కామెంట్లు చదివినవాళ్లకి తెలుసు. వల వేసినవాడి గురించి ఒక మాట ఉంటే, ఆ అమ్మాయి ఎందుకు వెళ్లింది అన్నది పది మాటలుంటుంది. సినిమాల పుణ్యమా అని 'పడేయడం' మనకి వీరోచిత కార్యం కూడా అయిపోయింది.

ఇక ఎమ్మెల్యేలు. ఇక్కడ మాత్రం గాలం అనే మాట తలకిందులుగా పనిచేస్తుంది. 'అధికార పార్టీ గాలం, అయోమయంలో ఎమ్మెల్యేలు' అని చదివితే పాపం ఎమ్మెల్యేలు అనిపిస్తుంది. వాళ్లకి చుట్టూ గన్‌మెన్లు, లాయర్లు, సలహాదారులు ఉంటారు. ఎర ఏమిటో, దాని వెనక ఎవరున్నారో వాళ్లకి మనకన్నా బాగా తెలుసు. 2014-19 మధ్య ఆంధ్రప్రదేశ్‌లో వైసీపీ టికెట్టు మీద గెలిచిన 23 మంది టీడీపీలోకి వెళ్తే, 2017 ఏప్రిల్లో వాళ్లలో నలుగురు మంత్రులయ్యారు. మింగిన చేపని తీసుకెళ్లి మంత్రిని చేసే గాలం ఏ కాలువలోనూ ఉండదు. దాన్ని బేరం అంటారు, బేరంలో ఇద్దరుంటారు.

2022 అక్టోబరు 26న మొయినాబాద్ ఫామ్‌హౌస్‌లో నలుగురు టీఆర్ఎస్ ఎమ్మెల్యేలని కొనబోయారన్న ఆరోపణ మీద ముగ్గుర్ని పట్టుకున్న కేసుకి పేపర్లు పెట్టిన పేరే 'ఎమ్మెల్యేలకు ఎర' కేసు. అక్కడ ఫిర్యాదు చేసింది ఒక ఎమ్మెల్యేయే కాబట్టి ఆ ఒక్కచోట పేరు సరిపోయిందనుకుందాం. మరి దానికి మూడేళ్ల ముందు, 2019 జూన్‌లో, తెలంగాణలో 18 మంది కాంగ్రెస్ ఎమ్మెల్యేల్లో 12 మంది అదే టీఆర్ఎస్‌లో కలిసిపోతే దాన్ని విలీనం అన్నారు. 1985లో ఫిరాయింపుల నిరోధక చట్టం తెచ్చినప్పుడు ఒక పార్టీ ఎమ్మెల్యేల్లో మూడో వంతు చీలినా చెల్లేది. 2003లో ఆ వెసులుబాటు తీసేశారు. ఇప్పుడు మూడింట రెండొంతుల మంది ఒప్పుకుంటే విలీనంగా చెల్లుతుంది. 18లో 12 సరిగ్గా అంతే. ఒక చేప దూకితే పదవి పోతుంది, మంద మొత్తం దూకితే పదవి ఉంటుంది. 2023 ఎన్నికల తర్వాత అదే టీఆర్ఎస్ నుంచి (అప్పటికి పేరు బీఆర్ఎస్) పది మంది కాంగ్రెస్ వైపు వెళ్లారన్న వ్యవహారం సుప్రీంకోర్టు దాకా పోయింది, వాళ్ల అనర్హత సంగతి మూడు నెలల్లో తేల్చమని 2025 జులై 31న కోర్టు స్పీకర్‌కి చెప్పింది. ఎవరి హయాం అయినా హెడ్డింగుల్లో క్రియాపదం ఎప్పుడూ వేసేవాడి వైపే ఉంటుంది, గాలం వేశారు, ఎర చూపారు, వల పన్నారు. వెళ్లినవాళ్లు ఏం చేశారో చెప్పే క్రియ ఉండదు. ఓటు వేసినవాడు మాత్రం తన ఎమ్మెల్యే అమాయకంగా చిక్కిపోయాడనుకోవాలి.

మాస్టారి విషయంలో చివరికి కొంత మేలు జరిగింది. ఎవరో చెప్తే సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోన్ చేశారు, అప్పటికి ఒక ఖాతాలో మిగిలి ఉన్న కొంత మొత్తం ఆగింది. మొదటి రోజే చేసి ఉంటే ఇంకా ఎక్కువ ఆగేదని అన్నారట. ఆయన ఆలస్యం చేసింది తెలియక కాదు, ఆ నంబరు ఫోన్లో సేవ్ చేసుకునే ఉన్నారు. 'ఎలా పడ్డారు' అన్న ప్రశ్న ఎవరో ఒకరు అడుగుతారని తెలుసు కాబట్టి ఆలస్యం చేశారు. చేపని తప్పుపట్టే మన అలవాటుకి ధర కట్టమంటే నేను ఆ ఆలస్యాన్ని చూపిస్తాను.

ఒక పేపర్లో డెస్కు మీద పనిచేసే స్నేహితుడితో ఈ మధ్య ఇదంతా వాదించాను. వాడు ఓపిగ్గా విని నవ్వాడు. "నువ్వు చెప్పిందంతా కరెక్టేరా. కానీ సింగిల్ కాలం హెడ్డింగులో ఎన్ని అక్షరాలు పడతాయో నీకు తెలుసా? గాలం రెండక్షరాలు. వల, ఎర కూడా రెండే. రాత్రి పదకొండున్నరకి పేజీ వదలాలి, నేను చేప మనస్తత్వం గురించి ఆలోచించాలా?"

"మోసం కూడా రెండక్షరాలే కదరా" అన్నాను.

"అది రోజూ వేసేదే, కొత్తగా ఏముంటుంది" అన్నాడు.